ఊరికొచ్చిన గ్రేడు

బోధమాపిలో కులం కాలమ్ ఉండకూడదని పట్టుబట్టి తీయించింది సువర్ణే. ఇంకెవరో తీయించి ఉంటే నోరారా తిట్టుకోవడానికి ఒక మనిషైనా దొరికేవాడు. ఆమెకి ఆ సుఖం కూడా లేకుండా పోయింది.

యంత్రం తయారవుతున్న రోజుల్లో టీచర్ల వివరాలు నింపేచోట పేరు, వయసు, సబ్జెక్టు తర్వాత కులం అని ఒక కాలమ్ ఉండేది. అది చూడగానే సువర్ణకి ఒళ్ళు మండింది. ఇంజనీరింగ్ చదివేటప్పుడు హాస్టల్లో వార్డెను భోజనాల వేళ వచ్చి "ఎస్సీ స్కాలర్‌షిప్పు వాళ్ళంతా ఓసారి లేవండి" అంటే, కలిపిన ముద్ద కంచంలో వదిలేసి లేచి నిలబడ్డ పిల్ల ఆమె. అందుకే లాబ్ మీటింగులో గట్టిగా చెప్పింది. "పాఠం ఎలా చెప్పారో కొలిచే యంత్రానికి చెప్పేవాళ్ళ కులంతో ఏం పనండీ? దానికి తెలియకపోతేనే న్యాయంగా ఉంటుంది." డైరెక్టర్ విశ్వంభర్ గారు బల్ల చరిచి మెచ్చుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ కొట్టినవాళ్ళలో ఒక్కరైనా ఎప్పుడైనా ఎంగిలి చేత్తో లేచి నిలబడ్డారా అన్న ఆలోచన అప్పుడు ఆమెకి రాలేదు.

బోధమాపి అంటే మరేం లేదు, క్లాసురూము పైకప్పుకి బిగించే పళ్ళెమంత పరికరం. దానికి రెండు గుండ్రటి అద్దాలు. అందుకే టీచర్లు దాన్ని గుడ్లగూబ అనేవాళ్ళు. కింద కూర్చున్న పిల్లల గుండె చప్పుడూ ఊపిరీ, ఒంటి మీద చెయ్యి వెయ్యకుండానే అది పసిగడుతుంది. విషయం బుర్రకెక్కిన క్షణంలో పిల్లల ఊపిరి కాస్త ఆగి, గుండె నెమ్మదిస్తుందని కనిపెట్టింది సువర్ణ. దానికి 'కుదురు' అని ముద్దుగా పేరు పెట్టిందీ తనే. క్లాసులో ఎన్ని కుదుర్లు పడితే టీచరుకి అంత గ్రేడు. 'ఏ' వస్తే ఇంక్రిమెంటు, 'డి' వస్తే కోత. వరసగా మూడు నెలలు డి వస్తే మాత్రం ఇక క్లాసు గడప తొక్కనివ్వరు, ఆఫీసు గదిలో కూర్చోబెట్టి కాగితాలు రాయిస్తారు. టీచర్లు ఏడాది పాటు ధర్నాలు చేశారు, కలెక్టరేట్ల ముందు ఎండలో కూర్చున్నారు. పట్టించుకున్న నాథుడు లేడు.

ఒక ఆదివారం సువర్ణ ఇంటికి అక్క విజయభారతి వచ్చింది. కృష్ణ ఒడ్డున కరకట్టపాలెం అనే ఊళ్ళో హైస్కూలు లెక్కల టీచరు ఆవిడ. జూన్‌లోనే అక్కడికి బదిలీ అయింది. సువర్ణకి లెక్కలు నేర్పింది కూడా ఆవిడే. అమ్మ కలుపు తీతకి వెళ్ళిపోతే చెల్లెల్ని వాకిట్లో కూర్చోబెట్టి, చింతగింజలు పంచుతూ భాగహారం చెప్పేది. ఏడుస్తూ కూర్చున్న పిల్ల, గింజలు సమానంగా వచ్చేసరికి ఏడుపు మర్చిపోయేది.

"ఏమే, నీ గుడ్లగూబ నాకు ఈ నెల కూడా డి ఇచ్చింది" అంది అక్క, చేపల పులుసు గిన్నె బల్ల మీద పెడుతూ. నవ్వుతూ చెప్పాలని చూసింది గానీ మొహం సహకరించలేదు.

"ఈ నెల కూడానా? ముందు నెల సంగతి చెప్పలేదేం?"

"ఏం చెప్పుకోమంటావు? సిగ్గేసింది. ఇంకోసారి వస్తే క్లాసు తీసేస్తారట. మధ్యాహ్న భోజనం లెక్కలు రాసుకోవాలట కూర్చుని." పులుసు గిన్నె మూత తీసింది. "పెద్దదాన్నైపోయాను కదే, పట్టు తప్పిందేమో. అద్దం ముందు నిలబడి పాఠం చెప్పుకుంటున్నా ఈ మధ్య. ఎక్కడ తేడా వస్తోందో తెలియట్లేదు."

"నీకు పట్టు తప్పడమేంటక్కా, ఊరుకో."

"మరి నీ యంత్రం చెబుతోందిగా. నువ్వు చేసింది అబద్ధం చెబుతుందా?"

సువర్ణకి అన్నం సయించలేదు. ఇరవై ఏళ్ళు పిల్లలకి లెక్కలంటే భయం పోగొట్టిన మనిషి అద్దం ముందు నిలబడి తనని తాను శంకించుకుంటోంది. అదీ తన చెల్లెలు చేసిన యంత్రం మాట నమ్మి.

మర్నాడు లాబ్‌కి వెళ్ళగానే కరకట్టపాలెం రికార్డులు తెర మీదకి తెచ్చింది. స్కూలు తెరిచిన దగ్గర్నుంచి అక్క క్లాసుల్లో కుదుర్లు దండిగా పడుతున్నాయి. లాబ్ వాళ్ళు శిక్షణలో చూపించే మోడల్ పాఠాలకన్నా ఎక్కువే. జూలై మధ్యలో ఒక రోజున ఆ గీత ఒక్కసారిగా కిందకి పడిపోయింది. నెమ్మదిగా తగ్గడం కాదు, పడిపోవడమే. ఆ తర్వాత లేవలేదు. పిల్లలు వాళ్ళే, గది అదే, చెప్పే మనిషీ అదే. పరికరం చెడిపోయిందేమో అనుకుంటే, అదే గదిలో తెలుగు మాస్టారికి, ఇంగ్లీషు టీచరుకి ఎప్పటిలాగే పడుతున్నాయి.

వెంటనే అక్కకి ఫోన్ చేసింది. "జూలైలో ఆ వారం ఏం జరిగింది? ఒంట్లో బాలేదా?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నా. ఆ వారమేగా అద్దెకి ఇల్లు వెతుక్కుంది."

"ఆ సంగతి చెప్పు."

"చెప్పడానికేముంది? రామాలయం వెనక వీధిలో మేడ మీద రెండు గదులు. నీళ్ళు, గాలీ అన్నీ బాగున్నాయి. ఆవిడ ఎంతో మర్యాదగా కుర్చీ వేసి కూర్చోబెట్టింది. అడ్వాన్సు సంగతి మాట్లాడాక, ఇంతకీ మీరేమిట్లమ్మా అంది. చెప్పాను. దాచుకోవడానికి నేనేం దొంగతనం చేశానా? మా మరిది వాళ్ళు వస్తామన్నారమ్మా, మర్చేపోయాను అంది. పదిహేను నిమిషాల నుంచి గుర్తు రాని మరిది అప్పుడు గుర్తొచ్చాడు. వాళ్ళ మనవరాలు హారిక నా ఎనిమిదో తరగతే."

సువర్ణ ఫోన్ పట్టుకుని తెర మీద తేదీ చూస్తూ ఉండిపోయింది. ఇంటావిడ ప్రశ్న అడిగింది ఒక సాయంత్రం. గీత పడిపోయింది ఆ మర్నాడు పొద్దున. అక్కకీ చెల్లెలికీ పేరు చూస్తే ఎవరికీ ఏమీ తెలియకూడదని నాన్న ఏరికోరి పేర్లు పెట్టాడు. పాపం, ఆ పేర్లు ఒక్క నెల కాపాడాయి.

విశ్వంభర్ గారి గదికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "యంత్రానికి కులం తెలియదు కదమ్మా. ఆ కాలమ్ మీరే తీయించారు."

"యంత్రానికి తెలియదండీ. పిల్లల ఒంటికి తెలుసు. ఇంట్లో ఎవరిని చూస్తే లేచి నిలబడతారో, ఎవరికి అరుగు మీద చోటు ఇవ్వరో చూసి పెరిగిన ఒళ్ళు అవి. మన యంత్రం ఆ ఒంటినే కదా కొలిచేది."

"ఒక్క టీచరుని చూపించి సిద్ధాంతం చెబితే ఎలా? అందరి గ్రేడ్లూ అందరి కులాలూ పక్కపక్కన పెడితే తేలుతుంది. కులాలు మన దగ్గర లేవు. ఎందుకు లేవో మీకే బాగా తెలుసు." మాట మెత్తగానే అన్నారు. ఆ మెత్తదనానికే సువర్ణకి అరికాలి మంట నెత్తికెక్కింది. తను తీయించిన కాలమ్ తన నోటికే తాళమైంది. దొంగ ఇంట్లో దూరాడంటే, దీపం ఆర్పింది నువ్వేగా అన్నట్టుంది ఆయన వరస.

సరే, కాలమ్ మళ్ళీ పెట్టిద్దాం, టీచర్లనే అడిగి రాసుకుందాం అనుకుని కరకట్టపాలెం వెళ్ళింది. స్టాఫ్‌రూములో విషయం చెప్పగానే సగం మంది మొహాలు తిప్పుకున్నారు. కులాలు ఎక్కడున్నాయండీ ఈ రోజుల్లో అన్నాడు ఒకాయన, చేతికున్న తన కులసంఘం ఉంగరం తిప్పుకుంటూ. సైన్సు మాస్టారు రవిచంద్ర మాత్రం ఏమీ అనలేదు. ఆమె బస్టాపుకి నడుస్తుంటే వెనకాలే వచ్చాడు.

"మేడమ్, ఆ కాలమ్ పెట్టించకండి, మీకు పుణ్యముంటుంది" అన్నాడు చుట్టూ చూసుకుంటూ.

"ఏం?"

"నేను ఇక్కడ కాపురం పెట్టలేదు. రోజూ టౌను నుంచి బస్సులో వస్తా. ఎవరింట్లోనూ మంచినీళ్ళు తాగను. పెళ్ళికి పిలిచినా పోను. మీరేమిట్లు అని అడిగేంత దగ్గరికి ఎవర్నీ రానివ్వను. నాకు ప్రతి నెలా ఏ వస్తోంది." గొంతు తగ్గించాడు. "ఆ ఏ నా పాఠానికి కాదు మేడమ్. నోరు మూసుకున్నందుకు. మీరు రాశారంటే నా బతుకు బజారున పడుతుంది."

అతని మీద కోపం తెచ్చుకోవాలని చూసింది సువర్ణ. రాలేదు. బస్సు ఎక్కాక వచ్చింది గానీ అది అతని మీద కాదు. కాలమ్ లేకపోతే అక్క నాశనం, ఉంటే ఇతను నాశనం. ఆడించేవాళ్ళు మాత్రం రెండు వైపులా హాయిగా ఉన్నారు. అడగాల్సింది వీళ్ళని కాదనిపించింది ఆమెకి. ఎవరి గుండెలు కొలుస్తున్నామో వాళ్ళ దగ్గరే తేల్చాలి. ఆ ఊళ్ళో తనెవరో ఎవరికీ తెలియదు. లాబ్ నుంచి వచ్చే మేడమ్ అని తప్ప, విజయభారతి టీచరు చెల్లెలని స్టాఫ్‌కి కూడా తెలియదు.

పరికరం సరిచూడాలని చెప్పి, ఎనిమిదో తరగతికి తనే పాఠం చెబుతానంది. హెడ్మాస్టరు ఎగిరి గంతేశాడు. లాబ్ మేడమ్ పాఠం చెప్పడమంటే మాటలా.

త్రిభుజంలో మూడు కోణాలూ కలిపితే సరళరేఖ ఎందుకవుతుందో చెప్పింది. అక్క తనకి చెప్పినట్టే చెప్పింది, మాట తేడా లేకుండా. పిల్లలందరి చేతా కాగితంతో త్రిభుజాలు కత్తిరింపించింది. మూడు మూలలూ చింపి, ఒకదాని పక్కన ఒకటి స్కేలు వెంబడి పేర్చమంది. పేర్చగానే ఖాళీ లేకుండా సరిగ్గా కూర్చున్నాయి. గదంతా ఒక్క క్షణం చడీ చప్పుడూ లేదు. బల్ల మీద పెట్టిన టాబ్లెట్‌లో కుదుర్లు వానచినుకుల్లా పడ్డాయి. పీరియడ్ అయ్యేసరికి ఏ.

మర్నాడు అదే గంటకి, అదే గదికి, అక్క చెయ్యి పట్టుకుని వెళ్ళింది. "మీ విజయభారతి టీచరు మా సొంత అక్క" అంది పిల్లలతో. "నిన్న నేను చెప్పిన పాఠం నాకు చెప్పింది ఈమే. ఈ రోజు చతుర్భుజం చేద్దాం."

పిల్లలేం అల్లరి చేయలేదు. ఆ మాట చెప్పాలి. లేచి గుడ్మార్నింగ్ చెప్పారు, చేతులు కట్టుకుని కూర్చున్నారు. అందరూ నిన్నటి పిల్లలే. చతుర్భుజాన్ని మధ్యకి కోసి రెండు త్రిభుజాలు చేయమంటే చేశారు. సువర్ణ గొంతు ఎక్కడా తడబడలేదు. టాబ్లెట్ మాత్రం ఎండిపోయింది. వెనక బెంచీల్లో, ఊరవతల ఎస్సీ పల్లెలోంచి వచ్చే పిల్లల దగ్గర నాలుగు చినుకులు పడ్డాయి. ముందు బెంచీలు బీడు.

"నాలుగు కోణాలూ కలిపితే ఎంత? ఎందుకు?" అని అడిగింది. ఇంటావిడ మనవరాలు హారిక చెయ్యెత్తింది. మూడు వందల అరవై అని, రెండు త్రిభుజాలు ఉన్నాయి కాబట్టి అని, తడుముకోకుండా చెప్పింది. జవాబు నూటికి నూరుపాళ్ళు సరైనది. పిల్లకి విషయం పూర్తిగా అర్థమైంది. టాబ్లెట్‌లో హారిక పేరు పక్కన కుదురు పడలేదు.

సువర్ణ చేతిలోని సుద్దముక్క అలాగే ఉండిపోయింది. యంత్రం పక్షపాతంగా ఉందనుకుంది ఇన్నాళ్ళూ. అంతకన్నా ఘోరం, అది కొలుస్తున్నది అసలు అవగాహననే కాదు. ఎదురుగా నిలబడ్డ మనిషి తనకన్నా పెద్దదని ఒళ్ళు ఒప్పుకున్నప్పుడు గుండె అలా నెమ్మదిస్తుంది. తను ఆ ఒప్పుకోలుని పట్టుకుని చదువు అని పేరు పెట్టింది, దాని మీద రాష్ట్రమంతా జీతాలు కట్టించింది. పీరియడ్ చివర్లో తెర మీద ఆమె పేరు పక్కన డి వచ్చింది. నిన్నటి మనిషికీ నేటి మనిషికీ మధ్య ఒక్క మాటే తేడా.

అక్క ఆ డి వంక చూసి, తర్వాత చెల్లెలి మొహం వంక చూసింది. "అయితే నాకు పట్టు తప్పలేదు" అంది మెల్లగా. రెండు నెలల తర్వాత ఆవిడ ఊపిరి పీల్చుకున్నట్టనిపించింది.

లాబ్ బోర్డు మీటింగులో సువర్ణ రెండు పాఠాలూ పక్కపక్కన పెట్టి చూపించింది. ఈ గ్రేడ్లన్నీ రద్దు చేయండి అంది. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రద్దు చేస్తే పెట్టిన ఖర్చుకి జవాబు చెప్పాలి. విశ్వంభర్ గారు మధ్యేమార్గం కనిపెట్టారు. కాలమ్ మళ్ళీ పెడదాం, ఆ వర్గాల టీచర్లకి గ్రేడులో కొన్ని పాయింట్లు కలుపుదాం, సామాజిక సవరణ అని పేరు పెడదాం అన్నారు. అప్పుడు కూడా అందరూ చప్పట్లు కొట్టారు.

అక్క ఆ మాట విని మండిపడింది. సువర్ణ ఆవిడని అంత కోపంగా ఎప్పుడూ చూడలేదు. "నాకు కలుపుతారా? నేను తక్కువ చెప్పానా, కలపడానికి? నా జేబు కొట్టేసినవాడు వచ్చి, పాపం లేనిదానివి కదా అని ధర్మం చేస్తానంటే చెయ్యి చాపాలా? రేపు స్టాఫ్‌రూములో ఏమంటారు, ఈవిడది కలిపిన బి అంటారు. నాకేం వద్దు. తప్పు ఎక్కడుందో అక్కడ వెయ్యమను డి."

ఆ చివరి మాట సువర్ణ బుర్రలో తిరిగి తిరిగి నిలబడింది.

ప్రతి స్కూలు గేటు పక్కనా ఒక పెద్ద తెర ఉంటుంది. టీచర్ల గ్రేడ్లు నెలనెలా అందులో వేస్తారు, వచ్చేపోయే తల్లిదండ్రులు చదువుకోవాలని. విజయభారతికి డి అని ఆ ఊరంతా చదివింది. బడ్డీకొట్టు దగ్గర చెప్పుకుని నవ్వింది. ఆ తెరల మీద ఏం పడాలో నిర్ణయించే అధికారం సువర్ణదే. మరుసటి నెల మొదటి రోజున కరకట్టపాలెం తెర మీద టీచర్ల పేర్లు లేవు. ఇలా ఉంది:

కరకట్టపాలెం గ్రామం: గ్రేడు డి. మీ పిల్లలకి ఒకే మనిషి రెండు రోజులు లెక్కలు చెప్పింది. రెండు రోజులూ వాళ్ళకి పాఠం అర్థమైంది. ఆమె కులం తెలియక ముందు వాళ్ళ గుండె ఆమెని టీచరుగా ఒప్పుకుంది. తెలిశాక ఒప్పుకోలేదు. ఇది పిల్లలకి బడిలో ఎవరూ నేర్పలేదు.

పదింటికల్లా గేటు ముందు ట్రాక్టర్లు ఆగాయి. మధ్యాహ్నానికి టీవీ వాళ్ళు దిగారు. "మా పిల్లల గుండెల్లోకి తొంగి చూడ్డానికి మీరెవరు?" అని సర్పంచి మైకు పట్టుకుని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. టీచర్లు ఏడాది పాటు ఎండలో కూర్చుని అడిగిందీ ఇదే. వాళ్ళు అడిగితే ఎవరికీ వినపడలేదు, ఊరు అడిగితే అసెంబ్లీ దాకా వినపడింది. మనోభావాలు దెబ్బతిన్నాయన్నారు. ఒక సామాజికవర్గాన్ని అవమానించారన్నారు. రవ్వంత ఆలస్యం లేకుండా మంత్రిగారు ఊరికొచ్చి క్షమాపణ చెప్పి వెళ్ళారు. వారం తిరక్కుండా రాష్ట్రంలో ఉన్న గుడ్లగూబలన్నిటినీ పైకప్పుల నుంచి ఊడబీకి గోతాల్లో వేసుకెళ్ళారు. సువర్ణ ఉద్యోగం ఊడింది. దానికామె పెద్దగా బాధపడలేదు. యంత్రం పోయింది, అక్క క్లాసు నిలబడింది, చాలనుకుంది.

అక్కతో కలిసి కరకట్టపాలెం వెళ్ళిన రోజున హెడ్మాస్టరు తన గదిలోకి పిలిచి ఉత్తర్వు కాగితం చేతికిచ్చాడు. అక్క నిలబడే చదివింది, పైకి చదివింది. గ్రామాల స్వభావాన్ని కొలిచే సామర్థ్యం యంత్రానికి లేదు కనుక కరకట్టపాలెం గ్రేడు చెల్లదట. ఉపాధ్యాయుల పనితీరు విషయంలో యంత్రం ఇప్పటిదాకా ఇచ్చిన గ్రేడ్లన్నీ యథాతథంగా చెల్లుతాయట. ఊడబీకే ముందు గడిచిన నెలకి కూడా లెక్క కట్టేశారు. విజయభారతికి మూడో డి. నేటి నుంచి బోధన విధుల నుంచి తప్పిస్తున్నారు.

అక్క కాగితం బల్ల మీద పెట్టింది. "ఊరిని కొలిస్తే యంత్రానికి తెలివి లేదు. నన్ను కొలిస్తే ఉంది. అంతేనా?"

"అంతే అక్కా" అంది సువర్ణ. పళ్ళు బిగబట్టుకుని అంది.

"నా చేతిలో ఏం లేదు మేడమ్" అన్నాడు హెడ్మాస్టరు, కిటికీలోంచి బయటకి చూస్తూ. "పైనుంచి వచ్చింది."

గంట కొట్టారు. ఎనిమిదో తరగతి లెక్కల పీరియడ్. అక్క సుద్దముక్కల డబ్బా తీసుకుని గదిలోంచి బయటకి నడిచింది. హెడ్మాస్టరు గబగబా స్టాఫ్‌రూము గుమ్మం దాకా వెళ్ళి కేకేశాడు. "రవిచంద్ర గారూ, ఎనిమిదో తరగతికి మీరెళ్ళండి. మేడమ్ వెళ్ళడానికి లేదు. మీకన్నీ ఏ గ్రేడ్లే కదా, లెక్కలు కూడా చూసుకుంటారు."

రవిచంద్ర పుస్తకం మూసి లేచాడు. గదిలో అందరూ ఉన్నారు. అతని మొహంలో రంగు పోయింది గానీ మాట మాత్రం స్పష్టంగా వచ్చింది. "నేనూ ఆ మేడమ్ వాళ్ళలోవాణ్ణే సార్. ఇన్నాళ్ళూ మీకు తెలియదు. తెలిసుంటే నాకూ డి వచ్చేది. నేను వెళ్ళను." అని మళ్ళీ కూర్చున్నాడు. పక్క కుర్చీలో ఉన్న ఉంగరమాయన తన కుర్చీని కాస్త అవతలికి జరుపుకున్నాడు. ఆ కాళ్ళు నేల మీద గీసుకున్న చప్పుడు అందరికీ వినపడింది.

హెడ్మాస్టరు ఇక ఏం చేయాలో తోచక వరండాలో పరుగులాంటి నడకతో ఎనిమిదో తరగతి దాకా వచ్చాడు. లోపల అక్క అప్పటికే బోర్డు తుడిచేసింది. పైకప్పులో యంత్రం ఊడిన చోట నాలుగు బొక్కలున్నాయి. పిల్లలు చేతులు కట్టుకుని కూర్చున్నారు. వాళ్ళ గుండెలు నెమ్మదిస్తున్నాయో లేదో తెలుసుకునే దారి ఇప్పుడు ఎవరికీ లేదు. హారిక ముందు బెంచీలోనే ఉంది.

సువర్ణ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"తప్పుకోండమ్మా, మీరిప్పుడు లాబ్ మనిషి కూడా కాదు" అన్నాడు హెడ్మాస్టరు.

"లోపల పాఠం జరుగుతోంది" అంది సువర్ణ. "ఆపాలనుంటే పిల్లల ముందుకొచ్చి, ఈవిడని ఎందుకు ఆపుతున్నారో వాళ్ళకి విడమర్చి చెప్పి ఆపండి. చెప్పగలరా?"

ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు గానీ ఎవరికీ చేయలేదు. లోపల అక్క గొంతు వినపడింది.

"పుస్తకాలు తీయండి. నిన్న ఎక్కడ ఆపాం?"

పేజీలు తిరగేసిన చప్పుడు వినపడింది. తర్వాత ఎవరో పేజీ నంబరు చెప్పారు. పీరియడ్ అయ్యేదాకా సువర్ణ గుమ్మంలోంచి కదల్లేదు.